నాగభూషణం మీద మరకతం వాలిన రోజు

ఈగ కథ అనగానే ముక్కు మూసుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, నేనేమీ అనుకోను. ఉండేవాళ్ళు మాత్రం కుదురుగా కూర్చోండి. నేను చెప్పబోయేది మీ వంటింట్లో బెల్లం ముక్క చుట్టూ తిరిగే ఈగ గురించి కాదు. ఇది పచ్చ ఈగ. ఎండలో చూస్తే పట్టుచీర అంచులా మెరిసిపోతుంది. కానీ దాని పనంతా చచ్చిన గొడ్ల మీదే. ఏం చేస్తుంది మరి? దాని పిల్లలకు తిండి అక్కడే ఉంది. తల్లి అన్నాక పిల్లల కడుపు చూసుకోవాలి కదా!

ఊరికి పడమర, రాళ్ళగుట్ట దిగువన తొర్రివంక అని ఒక ఎండు వంక ఉండేది. గట్టి వాన పడితే నాలుగు నాళ్ళు నీళ్ళు పారేవి, మిగతా కాలమంతా ఇసకే. ఊళ్ళో ఏ గొడ్డు చచ్చినా తెచ్చి ఆ వంకలో పడేసేవాళ్ళు. వెనకటికి అక్కడ రాబందులు దిగేవట. అవి పోయాక ఆ చోటు కాకులకీ, చీమలకీ, పచ్చ ఈగలకీ మిగిలింది. వాళ్ళలో వాళ్ళకి తగువులు లేకపోలేదు గానీ ఎవరి పద్ధతి వాళ్ళకుంది.

కాకుల పద్ధతి ముందు చెప్పాలి. వంక గట్టు మీద తుమ్మచెట్టులో ఉండే కాకులన్నిటికీ పెద్ద ఈరమ్మ. ఒకసారి ఒక తొందరపాటు కాకి, ఇసకలో పడి నిద్రపోతున్న కుక్కను చచ్చిందనుకుని కన్ను పొడవబోయింది. కుక్క లేచింది, కాకి మళ్ళీ లేవలేదు. ఆ రోజు నుంచి ఈరమ్మ కట్టడి పెట్టింది. పచ్చ ఈగ వచ్చి, వాలి, నడిచి చూసి, గుడ్లు పెట్టేదాకా ఏ కాకీ చెట్టు దిగకూడదు.

"మనం దూరం నుంచి కళ్ళతో చూస్తామే పిల్లలూ! ఆ ఈగ కాళ్ళతో రుచి చూస్తుంది. దాన్ని మోసం చెయ్యడం ఎవడబ్బ తరమూ కాదు," అనేది ఈరమ్మ.

ఆ వంక ఈగల్లో పేరు మోసింది మరకతం. మనిషి గోటి మీద వాలితే గోరు కనపడుతూనే ఉంటుంది, అంత చిన్న ఒళ్ళు. మాట మాత్రం పెద్దింటి ఇల్లాలి మాట. ఈ కథ జరిగిన రోజున మరకతం కడుపు నిండా గుడ్లే. ఎగురుతుంటే రెక్కలు మూలుగుతున్నాయి. ఆ గుడ్లు ఆ రోజు పొద్దు గూకేలోపు దించుకోవాలి. చీకటి పడితే పచ్చ ఈగ గుడ్లు పెట్టదు, అది వాళ్ళ ఇంటా వంటా లేదు. తెల్లారేదాకా ఆగే ఓపిక కడుపుకి లేదు.

పోయినసారి తొందరపడి ఒక మేక వీపు మీద, బోడి చర్మం మీద పెట్టేసింది మరకతం. మధ్యాహ్నం ఎండకి గుడ్లన్నీ సగ్గుబియ్యంలా ఎండి రాలిపోయాయి. ఒక్క బిడ్డ దక్కలేదు. ఆ దుఃఖం ఆవిడ లోపల ఇంకా అలాగే ఉంది. అందుకే ఈసారి గట్టిగా అనుకుంది, తడి ఉండాలి, నీడ ఉండాలి, మడత ఉండాలి, చీమ ఉండకూడదు. ఇందులో ఒక్కటి తక్కువైనా పెట్టేది లేదని.

అనుకోవడం బాగానే ఉంది, చచ్చిన గొడ్డేదీ? ఊళ్ళోవాళ్ళు కొత్తగా తెలివి మీరి, గొడ్డు చస్తే జేసీబీతో గుంట తీయించి పూడ్చేస్తున్నారు. తొర్రివంకలో కొన్నాళ్ళుగా ఎముకలు తప్ప ఏమీ లేవు.

ఇక ఆ వంకలోనే ఈతపొదల వెనక బొరియలో నాగభూషణం అని ఒక నక్క ఉండేవాడు. పళ్ళు అరిగాయి, కాళ్ళు బరువెక్కాయి, నాలుక మాత్రం ఎప్పటిలాగే ఆడుతోంది. వాడు తరిమితే ఎలకలు కూడా కంగారు పడటం మానేశాయి. ఆ మధ్య గొర్రెల దొడ్డిలో దూరబోయి ఇనుప ముళ్ళతీగకు తొడ వెనక చీరుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎందుకు కుంటుతున్నావని ఎవరైనా అడిగితే, "కుంటడమేంటి? నా నడకే అంత, ఠీవిగా ఉంటుంది," అనేవాడు. ఆ పుండు బొచ్చు కింద, బురద అట్ట కింద, తోక చాటున దాక్కుని ఉంది. తన కంటికి కనపడదు, తన నాలుకకి అందదు. కనపడట్లేదు కాబట్టి మానిపోయిందని తేల్చేసుకున్నాడు.

ఆకలి ఎక్కువయ్యేసరికి నాగభూషణానికి కాకి మాంసం మీద మనసు పోయింది. పరిగెత్తి పట్టలేడు, ఎగిరి పట్టలేడు. ఇక మిగిలింది పడుకుని పట్టడమే కదా! తెల్లారుతుండగానే వంక మధ్యకి వచ్చి, పక్కకి ఒరిగి, కాళ్ళు బిగదీసి, నోరు తెరిచి, నాలుక ఇసకలో వేలాడేసి పడుకున్నాడు. అచ్చం పీనుగే!

తుమ్మచెట్టు మీద గోల మొదలైంది.

"అత్తా! నక్క చచ్చింది!"

"చూశాను. ఈగ వాలిందా?" అంది ఈరమ్మ.

"ఇంకా ఎండెక్కలేదు కదత్తా, ఈగలు లేవలేదు."

"అయితే మనం కూడా లేవలేదనుకోండి. మరకతం రానీ. ఆవిడ వాలి గుడ్లు పెడితే అందరికన్నా ముందు నేనే దిగుతాను. అందాకా ఆ నక్క చచ్చినా మనకొకటే, బతికినా ఒకటే. పదండి, వేరుశెనగ చేలో పురుగులున్నాయట."

కాకులన్నీ లేచిపోయాయి. అవి కనుమరుగయ్యేదాకా ఓపిక పట్టి, అప్పుడు లేచాడు నాగభూషణం. నోట్లో ఇసక, కడుపులో మంట. "ఇంత చేస్తే ఈగ కావాలా దీనికి!" అని తిట్టుకుంటూ ఈతపొద నీడలో కూలబడ్డాడు.

ఎండెక్కింది. మరకతం బయలుదేరింది. గాలికి ఎదురెగురుతూ, ఆ వాసన ఈ వాసన పట్టుకుంటూ వంకంతా గాలించింది. ఒక రాతి పక్కన చచ్చిన తొండ కనిపించింది, దాని చుట్టూ అప్పటికే చీమల దండు. చీమ ఉన్నచోట గుడ్డు పెడితే దాని ఇంటికి విందు పంపినట్టే అనుకుని పైకి లేచింది. కాస్త ముందుకెళితే ఒక కప్ప. తడీ ఉంది, నీడా ఉంది. ఆశగా వాలి నాలుగడుగులు వేసింది. తీరా చూస్తే మడతలో వేరే జాతి ఈగ పురుగులు, ఒళ్ళంతా ముళ్ళతో, అప్పటికే మెసులుతున్నాయి. అవి పక్కవాళ్ళ పిల్లల్ని కూడా తినేసే రకం.

"ఛీ, ఇదేం ఇరుగుపొరుగు!" అని మళ్ళీ ఎగిరింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. కడుపు బరువుకి ఎగరలేక ఒక పుల్ల మీద ఆగి, "ఈసారి కూడా నా పిల్లలు దక్కరా దేవుడా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఈతపొద వైపు నుంచి ఒక వాసన వచ్చింది. సన్నగా, తియ్యగా, కుళ్ళు కుళ్ళుగా, ఆవిడ పాలిట గుమగుమగా. మీకూ నాకూ ఆ వాసన తగిలితే అన్నం సహించదు, అది వేరే సంగతి.

వాసన వెంట వెళ్ళి చూస్తే నాగభూషణం. పడుకుని ఉన్నాడు. తొడ వెనక్కి వెళ్ళి మెల్లిగా వాలింది. ముందు కాళ్ళు పుండు మీద ఆనగానే ఒళ్ళు పులకరించింది. తడి ఉంది. బొచ్చు నీడ ఉంది. బురద అట్టకీ చర్మానికీ మధ్య చక్కటి మడత ఉంది. చీమ అన్న మాటే లేదు. "ఇవాళ నిజంగానే నక్కను తొక్కాను," అనుకుంది.

ఆ సంతోషం అనుభవించకముందే ఠప్పుమని తోక వచ్చి తగిలింది! మరకతం అంత దూరాన పల్లేరుకాయల్లో పడింది.

"ఎవరే నువ్వు? నా తొడ మీద నీకేం పని?" అని గుర్రుమన్నాడు నాగభూషణం.

మరకతం రెక్కలు దులుపుకుని తాపీగా లేచింది. "నా పేరు మరకతం. పని ఉండే వచ్చాను. మీ ఇంట్లో గుమ్మం దగ్గరే కొడతారని తెలీదు."

ఆ పేరు వినగానే నాగభూషణం చెవులు నిక్కబొడుచుకున్నాయి. పొద్దున ఈరమ్మ నోట విన్న పేరు! గబగబా లేచి కూర్చుని, గొంతులో ఇంత తేనె పోసుకున్నాడు.

"అక్కా! నువ్వటే! అయ్యయ్యో, తప్పైపోయింది. తోకది పాడు అలవాటు, నన్నడిగి కొట్టదు. రా, ఇలా నీడకి రా. ఎండలో పడి తిరుగుతున్నావ్, నిండు చూలాలివి!"

"చూలాలినే తమ్ముడూ. పొద్దు గూకేలోపు దించుకోవాలి, చోటు దొరకట్లేదు. నీ సంగతేంటి?" అంది మరకతం.

"నాకు ఆకలి, నీకు చోటు. దేవుడే మనిద్దరినీ కలిపాడనుకో. విను మరి. నేను వంక మధ్యకి వెళ్ళి చచ్చినట్టు పడుకుంటాను. నువ్వు నీవాళ్ళను వెంటేసుకుని వచ్చి నా మీద వాలు. నువ్వు వాలితే కాకులు దిగుతాయి. కాకులు దిగితే..." అని నాగభూషణం నోరు ఠక్కున మూసి చూపించాడు.

"బాగానే ఉంది. ఇందులో నాకేంటి?"

"నీకా? మా బొరియలో చచ్చిన మేకపిల్ల ఉందక్కా. నిన్ననే తెచ్చాను. లేతది. కాకి నా నోట్లో పడిందా, మేకపిల్ల మొత్తం నీదే. నీ పిల్లలు తిన్నంత తిని ఇంకొకళ్ళని పిలవొచ్చు."

మరకతం ముందు కాళ్ళు రెండూ నింపాదిగా రుద్దుకుంది. "తమ్ముడూ, గాలి నీ బొరియ మీదుగానే వీస్తోంది. అక్కడ మేకపిల్ల ఉంటే నాకు ఊరవతల నుంచే తెలిసేది. ఎప్పటిదో ఎండు తోలు వాసన తప్ప అక్కడి నుంచి ఏమీ రావట్లేదు."

నాగభూషణం బొరియ వైపు ఒకసారి తిరిగి చూశాడు. "అంటే... నిన్నటిదాకా ఉండేది. రాత్రి ఎవరో ఎత్తుకెళ్ళుంటారు, దొంగవెధవలు. పోనీలే అక్కా, పట్టిన కాకిలో సగం నీకే. నా మాట మీద నమ్మకం ఉంచు!"

నమ్మకమా! మరకతం నమ్మింది వాడి మాటని కాదు, వాడి తొడని. ఆ పుండు లాంటి చోటు ఆ వంకంతా వెతికినా ఇంకోటి లేదు. అడ్డమల్లా తోకే. తోక ఊరుకున్నా చెవి విదులుస్తాడు, చెవి ఊరుకున్నా చర్మం జలదరిస్తుంది, అదీ కాకపోతే లేచి ఒళ్ళు దులుపుతాడు. బతికున్న జంతువుకి ఒళ్ళంతా కాపలాయే. ఆ కాపలా దాటి గుడ్లు పెట్టడం ఏ ఈగకైనా ప్రాణం మీది పని. ఇప్పుడేమో ఈ పెద్దమనిషి ఆ కాపలా మొత్తం తనంతట తనే ఎత్తేస్తానంటున్నాడు!

"సరే తమ్ముడూ, వస్తాను. కానీ ముందే చెబుతున్నా, నేను ఊరికే వాలి కబుర్లు చెప్పుకునే రకం కాదు. గుడ్లు పెట్టేది చూస్తే గానీ ఈరమ్మ చెట్టు దిగదు. కాబట్టి పెడతాను. ఎక్కడ నాకు నచ్చితే అక్కడ పెడతాను. నీకు సమ్మతమేనా?"

"ఎక్కడైనా పెట్టుకో తల్లీ! ముక్కులో పెడతావో నెత్తిన పెడతావో నీ ఇష్టం," అన్నాడు నాగభూషణం. కాకి నోట్లో పడ్డాక ఇసకలో ఒక్క దొర్లు దొర్లితే ఈగలూ పోతాయి గుడ్లూ పోతాయి అని వాడి లెక్క.

"ఇంకో మాట. తోక కదపకూడదు. చెవి ఆడకూడదు. చర్మం జలదరించకూడదు. నువ్వు ఇసుమంత కదిలినా నేను లేచిపోతాను, కాకులూ పోతాయి. ఆ తర్వాత నన్ను అనొద్దు."

"రాయిలా ఉంటానక్కా!"

"ఒట్టెయ్."

"నీ మీదొట్టు."

"నా మీద వద్దు, నా కడుపులో బిడ్డలున్నారు. నీ తోక మీద ఒట్టెయ్."

నాగభూషణం తోక పట్టుకుని మరీ ఒట్టేశాడు.

ఎండ కాస్త పడమటికి వాలాక వాడు వంక మధ్యలో పొద్దుటి చోటనే పొద్దుటిలాగే పడుకున్నాడు. మరకతం తనవాళ్ళకి కబురు పెట్టింది. కడుపులు మోసుకుంటూ ఎటు పోవాలో తెలీక తిరుగుతున్న పచ్చ ఈగలన్నీ జుమ్మంటూ దిగాయి. ఒక ఈగ పెట్టిన చోట ఇంకొకటి పెట్టడం వాళ్ళకి అలవాటే. పదిమంది పిల్లలు కలిసి తింటే వెచ్చగానూ ఉంటుంది, త్వరగానూ ఎదుగుతారు.

ఇచ్చిన మాట ప్రకారం మరకతం ముందు మొహం మీదే వాలింది. ముక్కు అంచు మీద నడిచింది. లోపల్నించి వేడి గాలి బుస్సుమని కొట్టింది. "ఇక్కడ పిల్లలు ఉడికిపోతారు," అనుకుంది. పెదవి మీద నడిచింది. లాలాజలం కారుతోంది, కాకి మాంసం తలుచుకుంటున్నాడు కాబోలు. కంటి కొసన ఆగి చూస్తే రెప్ప కింద కనుగుడ్డు అటూ ఇటూ తిరుగుతోంది. నుదురు మీద చర్మం పొడిగా, వెచ్చగా, లోపల నాడి టకటకా కొట్టుకుంటూ ఉంది. ఆ కాళ్ళకి తెలియనిదేముంది!

"అక్కా, ముక్కు దురద పెడుతోంది," అన్నాడు నాగభూషణం పళ్ళ సందుల్లోంచి.

"ఓర్చుకో తమ్ముడూ. పీనుగులకి దురద ఉండదు," అని చెప్పి మరకతం నేరుగా తొడ వెనక్కి వెళ్ళిపోయింది. బొచ్చు పక్కకి తీసి, బురద అట్ట అంచున దూరి, కడుపు కొస లోపలికి చాచి, తడి తగిలిన చోట ఒక్కో గుడ్డూ పేర్చడం మొదలుపెట్టింది. తోక పక్కనే ఉంది. కదల్లేదు. మిగతా ఈగలూ వచ్చి వరసగా పని మొదలుపెట్టాయి.

చేల నుంచి కాకులు తిరిగొచ్చాయి.

"అత్తా! ఆ నక్క పొద్దుటి నుంచీ అక్కడే ఉంది! ఈగలు కూడా వాలాయి! గుడ్లు పెడుతున్నాయి! దిగుదామా?"

ఈరమ్మ తొందరపడలేదు. గట్టు మీదకి దిగి, నక్క నోటికి అందనంత దూరాన పక్క చూపు చూస్తూ అటు నుంచి ఇటు నడిచింది. తర్వాత చెట్టెక్కి గొంతు తగ్గించి అంది, "ఒరే, సరిగ్గా చూడండి. చచ్చిన గొడ్డు మీద మరకతం ముందు ఎక్కడ పెడుతుంది?"

"కళ్ళల్లో అత్తా. ముక్కులో, నోట్లో."

"ఎందుకు?"

"అక్కడే కదా మెత్తగా, తడిగా ఉండేది!"

"మరి ఇప్పుడు ఎక్కడ పెడుతోంది?"

కాకులన్నీ మెడలు చాచి చూశాయి. "తొడ వెనక!"

"అదీ సంగతి. కన్నూ ముక్కూ నోరూ నడిచి చూసి మరీ వదిలేసి, తొడ దగ్గరికి పోయిందంటే ఆ మొహం ఇంకా బతికే ఉంది. చచ్చింది తొడ మీద కాస్తంత కండ, అంతే. ఆవిడ మనకి అబద్ధం చెప్పలేదు. చూడటం రావాలి గానీ!"

"అమ్మ దొంగ సచ్చినోడా! అయితే పోదామత్తా."

"పోవడమెందుకు? పడుకోనివ్వండి పాపం. మనకి ఒంటరిగా తినే అలవాటు లేదు కదా, ఆ సంగతి వాడికీ తెలుసు," అని ఈరమ్మ గొంతు సవరించుకుని, నక్కకి వినపడేట్టు గట్టిగా కేకేసింది, "ఒరే పిల్లలూ! నక్క చచ్చింది! ఇంత పెద్ద విందు మనమే తింటే బాగుండదు. చెరువు కాకుల్ని పిలవండి, గుట్ట కాకుల్ని పిలవండి! అందరూ వచ్చాక కలిసి దిగుదాం!"

కావుకావుమంటూ కాకులు నాలుగు దిక్కులా లేచాయి. నాగభూషణం గుండె ఆనందంతో గంతులేసింది. ఒక్క కాకి అనుకుంటే కాకుల జాతరే రాబోతోంది! ఎండ మొహాన కొడుతోంది. ముక్కు దురద. తొడ వెనక ఏదో సన్నగా గిలిగింత, తడితడిగా. తోక లేవబోయింది. "ఆగవే, ఇంకాసేపు!" అని తోకని లోలోపలే బతిమాలుకున్నాడు.

చెరువు కాకులు వచ్చాయి. గుట్ట కాకులు ఇంకా రాలేదట. గుట్ట కాకులు వచ్చాయి. మేనత్తగారి ఊరివాళ్ళు దారిలో ఉన్నారట. మధ్యమధ్యలో ఈరమ్మ, "వచ్చేశారు, వచ్చేశారు, ఎవరూ ముందు దిగకండి!" అని అరుస్తోంది. చిన్న కాకులు రెక్కల్లో మొహాలు దాచుకుని నవ్వాపుకోలేక చస్తున్నాయి. నాగభూషణం మాత్రం పొట్టలో ఆకలి కరకరలాడుతున్నా కిక్కురుమనకుండా పడి ఉన్నాడు.

పొద్దు గుట్ట అంచుకి చేరింది. మరకతం చివరి గుడ్డు పెట్టి, బురద అట్ట కిందికి కాలితో నొక్కి, గట్టిగా ఊపిరి తీసుకుంది. ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. ఎండి రాలిపోయిన ఆ బిడ్డలు గుర్తొచ్చి, "వీళ్ళు దక్కుతార్లే," అని తనకి తనే చెప్పుకుంది. పైకి లేచి నాగభూషణం చెవి దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, నా పనైపోయింది. మేలు మరిచిపోను. వస్తా."

"కాకులో?" అన్నాడు వాడు పెదవి కదపకుండా.

"వాటి సంగతి వాటినే అడుగు."

అప్పుడు ఈరమ్మ కొమ్మ చివరికి వచ్చి తీరిగ్గా పిలిచింది. "నాగభూషణం! చుట్టాలందరూ వచ్చేశారు నాయనా. ఇక లే. పొద్దుటి నుంచీ ఒక్క భంగిమలో పడుకున్నావ్, నడుం పట్టేసుంటుంది!"

వంకంతా పగలబడి నవ్వింది. నాగభూషణం ఒక్క ఊపున లేచాడు, కానీ కాళ్ళు తిమ్మిరెక్కి అక్కడే బోర్లా పడ్డాడు. సిగ్గుతో, కోపంతో ఒళ్ళు మండిపోయి మరకతం మీద విరుచుకుపడ్డాడు.

"మోసగత్తె! కాకుల్ని దింపుతానని చెప్పి నన్ను నవ్వులపాలు చేస్తావా?"

"వాలతానన్నాను, వాలాను. నచ్చిన చోట పెడతానన్నాను, పెట్టాను. నువ్వే కదా ఎక్కడైనా పెట్టుకో తల్లీ అన్నావ్!" అంది మరకతం.

"ఎక్కడ పెట్టావే?"

"నీ తొడ వెనక. ఠీవి ఉన్న చోట."

నాగభూషణం గిర్రున వెనక్కి తిరిగాడు. మెడ తిప్పాడు, కనపడలేదు. నాలుక చాచాడు, అందలేదు. తోకతో కొట్టాడు, బురద అట్ట మీద తగిలింది గానీ దాని అడుగున ఉన్న గుడ్లకి ఏమీ కాలేదు. ఇసకలో దొర్లాడు. ఆ దొర్లుకి అట్ట ఇంకాస్త గట్టిగా అతుక్కుపోయింది.

ఈరమ్మ మరకతం వైపు చూసి అడిగింది, "నిజం చెప్పు మరకతం, వాడితో కలిసి మమ్మల్ని ముంచుదామనుకున్నావా?"

"అత్తా, నీ కట్టడి నాకు తెలీదా? నాకు గుడ్లు పెట్టుకోక తప్పదు, కడుపు ఆగదు. కానీ వాడి కన్ను మీద పెట్టలేదు చూడు. ఇక చదువుకోవడం నీ వంతు."

"చదివాను," అంది ఈరమ్మ. ఆ మాటలో ఎంత గౌరవముందో చిన్న కాకులకి కూడా అర్థమైంది.

ఆ తర్వాత సంగతి క్లుప్తంగా చెబుతాను, మీలో కొందరు ఇంకా భోజనం చేయాలి కదా. గుడ్లు పగిలాయి. నాగభూషణం తొడ వెనక సంసారం మొదలైంది. కూర్చోలేడు, పడుకోలేడు, నడిస్తే ఠీవి కాస్తా గెంతులాట అయింది. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం తుమ్మచెట్టు కిందికి ఈడ్చుకుంటూ వచ్చి రెండు కాళ్ళూ జోడించాడు.

"ఈరమ్మత్తా! నీకు పుణ్యముంటుంది. మీ ముక్కులతో ఈ పురుగుల్ని ఏరి పెట్టండి. మీకు తిండీ అవుతుంది, నా ప్రాణమూ కుదుటపడుతుంది. నేను కదలను. చచ్చినట్టు పడుంటాను!"

చెట్టు మీద ఎవరూ నవ్వలేదు ఈసారి. ఈరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "అదే కదా నాయనా భయం. నువ్వు చచ్చినట్టు పడుకోవడం మేం ఒకసారి చూశాం. నీ పక్కన దిగే ధైర్యం మా పిల్లల్లో ఎవరికీ లేదు."

బతిమాలాడు, ఏడ్చాడు, మళ్ళీ తోక మీద ఒట్టేయబోయాడు. ఒక్క కాకీ కొమ్మ దిగలేదు.

మరకతం పిల్లలు కుళ్ళిన కండంతా కడుపారా తిని, బాగా బలిసి, ఒక తెల్లవారుజామున వరసగా ఇసకలోకి జారిపోయారు. ఒక్కడూ ఎండకి పోలేదు, ఒక్కడూ చీమల పాలు కాలేదు. కొన్నాళ్ళకి ఆ ఇసకలోంచే బిలబిలమంటూ పచ్చ ఈగలు లేచి వంకంతా మెరిసిపోతుంటే, మరకతం పుల్ల మీద కూర్చుని ఒక్కొక్కరినీ చూసుకుని మురిసిపోయింది. పుండు శుభ్రపడి నాగభూషణం కూడా బతికి బయటపడ్డాడు. కాకపోతే ఆ రోజు నుంచి వాడి తోక ఆగిన పాపాన పోలేదు. తింటున్నా ఊపుతాడు, నిద్రలో కూడా ఊపుతాడు. ఆ తోక చప్పుడు దూరం నుంచే విని ఎలకలు తీరిగ్గా కన్నాల్లోకి వెళ్ళిపోతాయి.

ఎదుటివాణ్ణి నమ్మించడానికి చచ్చినట్టు పడుకునేవాడు, తన ఒంటికున్న కాపలా తానే ఎత్తేస్తాడు.